ఇంకుడుబావి: మన బెంగళూరు లేఅవుట్లలో అపోహలు - వాస్తవాలు

డాబా మీద పడే వాననీళ్లను మట్టిలోకి ఇంకించే బావే ఇంకుడుబావి.

అపోహ: మాది థర్టీ ఫార్టీ (30 x 40 అడుగుల) సైటు. ఇంత డాబా మీద పడే వాన ఏపాటి?

1,200 చదరపు అడుగులంటే సుమారు 111 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. బెంగళూరు సగటు వాన ఏడాదికి దాదాపు 970 మిల్లీమీటర్లు. సైటంతా డాబాయే అనుకుని, ఆవిరికీ చిందినదానికీ ఐదో వంతు తీసేసినా 86 వేల లీటర్లు మిగులుతాయి. 6,000 లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు!

అపోహ: డాబా గొట్టాన్ని నేరుగా బోరు కేసింగులోకి, అంటే బోరు పైభాగంలో దించే గొట్టంలోకి, దించేస్తే సరి.

ఇంతకంటే చెడ్డ పని లేదు. దుమ్ము, పావురాల రెట్టలు వడకట్టు లేకుండా రాతి పగుళ్లలోకి పోతాయి. అక్కడికి చేరిన మురికిని తోడి శుభ్రం చేయడం మన వల్ల కాదు. వడకట్టే పని మట్టిది. దానికి అవకాశం ఇచ్చేదే ఇంకుడుబావి. 3 అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు, అడుగు ఎత్తు సిమెంటు ఒరలు ఇరవై. ఒక్కసారికి 4,000 లీటర్లు పడుతుంది. ఒర మీద ఒర ఊరికే పేర్చాలి, చుట్టూ కంకర నింపాలి. అతుకులకు సిమెంటు పూయకూడదు, అడుగున కాంక్రీటు వేయకూడదు. తెలియని మేస్త్రీకి అప్పజెప్తే ముచ్చటగా అన్నీ పూసేసి సంపు చేసి పెడతాడు. తరతరాలుగా బావులు తవ్వేది మన్ను వడ్డర్లు. వాళ్ల ఇంటిమాట తెలుగుకు దగ్గరే, బేరం మన భాషలోనే ఆడుకోవచ్చు.

అపోహ: బావి తవ్వితే వచ్చే నెలకే బోరు నిండుతుంది.

ముందు నిండేది పై మట్టిపొర. బోరుకు ఆ పొర దాకా కేసింగు వేసి మూసేస్తారు కాబట్టి నీళ్లు పగుళ్ల దారిన నెమ్మదిగా దిగాలి. పక్కన తోడుకునే బావి ఉంటే తేడా ముందు అందులో తెలుస్తుంది.

అపోహ: ఒకసారి కట్టాక ఇక చూడక్కర్లేదు.

చాలా బావులు చెడేది ఇక్కడే. తొలి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన డాబాను కడుగుతుంది. అంటే 100 నుంచి 200 లీటర్లు బావిలోకి పోనివ్వకూడదు. ఆ మురికినీళ్లను పక్కకు పట్టి ఉంచే గొట్టాన్ని వాన వెలిశాక కింది వాల్వు తిప్పి ఖాళీ చేయకపోతే, మళ్లీ వాన వచ్చేసరికి అది నిండే ఉంటుంది, మురికంతా బావిలోకే. నీళ్లు బావిలోకి పోయేముందు వడకట్టే ఫిల్టరు గుంటలో అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, పైన ముతక ఇసుక. ఏప్రిల్ జల్లులు రాకముందే, మార్చిలో, పై అంగుళం ఇసుక తీసి కొత్తది పోయాలి. వాన ఆగి రోజులు గడిచినా బావిలో నీళ్లు తగ్గలేదంటే అడుగున ఒండ్రు పేరుకుందేమో చూడాలి. పూడిక తీయించక తప్పదు.

అపోహ: టీడీఎస్ తక్కువ, నీళ్లు మంచివే.

ఆ మీటరు చూపేది కరిగిన లవణాలను, క్రిములను కాదు. మురుగు ఊరితే నైట్రేటు కూడా పెరుగుతుంది. తాగునీటిలో దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. కాస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేటు పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. ఏటా వానలు వెలిశాక ల్యాబులో రెండూ చూపించండి.

అపోహ: బెళ్లందూరు చెరువు నురగ ఫ్యాక్టరీలదే.

శుద్ధి కాని ఇళ్ల మురుగులోని సబ్బుపొడిదీ అందులో పెద్ద వాటా. డాబా మీది వాషింగ్ మెషీన్ గొట్టాన్ని వాన గొట్టానికి కలిపేసిన ఇళ్లు కొల్లలు. అప్పుడు ఆ సబ్బునీళ్లు మీ ఇంకుడుబావిలోకే. మెషీన్ డ్రెయిన్లో ఒక బకెట్ పసుపునీళ్లు పోసి, ఫిల్టరు గుంట దగ్గర ఒకరిని నిలబెట్టండి. అక్కడ పసుపు రంగు కనిపిస్తే రెండు గొట్టాలూ కలిసినట్టే.