గ్రాఫింగ్ కాలిక్యులేటర్: లోపం ప్రోగ్రాములోనా, అతుకులోనా?

ఒడిశాలోని బరంపురం తెలుగు కుటుంబాలలో అమెరికాలో బంధువులు ఉన్న ఇళ్ళకు కొదవ లేదు. అక్కడి పిల్లలు హైస్కూలు చదువు ముగించాక ఇక్కడికి చేరే పాత సామానులో అప్పుడప్పుడు ఒక గ్రాఫింగ్ కాలిక్యులేటర్, అంటే సమీకరణాల గీతలను తెర మీద గీసి చూపే, ప్రోగ్రాములు నడిపే కాలిక్యులేటర్ కూడా ఉంటుంది. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షకు దానిని అనుమతిస్తారు కనుక అక్కడ అది చాలామంది కొనే వస్తువు. మన దేశంలో గేట్ పరీక్ష రాసేవారు తెర మీద కనిపించే కాలిక్యులేటర్‌నే వాడాలి. తక్కిన ఇంజినీరింగ్ చదువుకు కాసియో ఎఫ్ఎక్స్-991 రకం సరిపోతుంది. అందువల్ల అమెరికా నుంచి వచ్చిన యంత్రం సెల్లు తీయకుండానే బీరువాలో చేరుతుంది. పరీక్షకు పనికిరానంత మాత్రాన దానిని పక్కన పెట్టడం పొరపాటని నా అభిప్రాయం. కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో పై నుంచి అడుగు వరకు ఒకే మనిషి అర్థం చేసుకోగలిగినంత చిన్న యంత్రాలు ఇప్పుడు ఎక్కువగా దొరకవు.

ఈ వంశానికి మొదటిది 1985లో కాసియో తెచ్చిన ఎఫ్ఎక్స్-7000జి. అందులో ప్రోగ్రాములకు కేటాయించిన చోటు 422 బైట్లు మాత్రమే (ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్ సున్నా లేదా ఒకటి). తరువాత టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) సంస్థ 1990లో టీఐ-81, 1999లో టీఐ-83 ప్లస్, 2004లో టీఐ-84 ప్లస్ విడుదల చేసింది. ఈ టీఐ యంత్రాల గుండెకాయ 1976 నాటి జడ్80 అనే ఎనిమిది బిట్ల ప్రాసెసర్. చిప్పు పాతదే అయినా, దాని ఆదేశాలన్నీ ఒక పుస్తకంలో ఇమిడిపోతాయి కాబట్టి అభిరుచి కొద్దీ నేర్చుకునేవారికి అది వరమే.

టీఐ-83 ప్లస్ తెరలో అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలు ఉంటాయి, మొత్తం 6,144. ఒక్కో చుక్కకు ఒక బిట్ చొప్పున తెర బొమ్మ అంతా 768 బైట్లలో ఉంటుంది, అంటే వరసకు 12 బైట్లు. ఎడమ నుంచి 50వ నిలువు, పై నుంచి 20వ వరస కలిసే చుక్కను వెలిగించాలనుకుందాం, అంటే నల్లగా కనిపించేలా చేయాలనుకుందాం. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 20ని 12తో హెచ్చిస్తే 240. 50ని 8తో భాగిస్తే భాగఫలం 6, శేషం 2. కనుక మనకు కావలసినది 246వ బైటు. అందులో ఎడమ నుంచి మూడో బిట్, అంటే విలువ 32. ఇందులో ఒక చిక్కు ఉంది: జడ్80కి గుణకారం చేసే ఆదేశమే లేదు. రెట్టింపు చేయడం, కూడడం మాత్రం వచ్చు. అందుచేత ప్రోగ్రాము రాసేవారు 20ని మూడుసార్లు రెట్టింపు చేసి 160, రెండుసార్లు రెట్టింపు చేసి 80 రాబట్టి, రెంటినీ కలిపి 240 చేస్తారు. యంత్రంలోనే ఉండే సులభమైన ప్రోగ్రామింగ్ భాష టీఐ-బేసిక్‌లో ఇదే పనిని ఒక్క ఆదేశంతో చేయవచ్చు గాని, ప్రతి ఆదేశాన్నీ యంత్రం అప్పటికప్పుడు చదివి అర్థం చేసుకోవలసి రావడంతో ఆట బొమ్మలు నత్తనడక నడుస్తాయి.

తెర నిర్మాణం ఇలా ఉండటం వల్ల మరమ్మతు చేసేవారికి గొప్ప సౌలభ్యం కలుగుతుంది. తెర చెడినప్పుడు, చెడిన ఆకారాన్ని బట్టే లోపం ఎక్కడ ఉందో చాలావరకు పోల్చుకోవచ్చు. ప్రాసెసర్ పంపే సమాచారాన్ని తెర వెనుక ఉండి చుక్కలను నడిపే డ్రైవర్ చిప్పు సాధారణంగా బైటు చొప్పున, అంటే ఎనిమిదేసి చుక్కలుగా అందుకుంటుంది; రెండు బైట్ల మధ్య దానికి సుమారు 10 మైక్రోసెకన్ల విరామం కావాలి. 6 మెగాహెర్ట్జ్ వేగంలో ఆ విరామం 60 గడియార చక్రాలకు సమానం. ఆ లెక్కకు కచ్చితంగా సరిపెట్టి రాసిన ప్రోగ్రామును టీఐ-84 ప్లస్‌లో 15 మెగాహెర్ట్జ్ వేగంతో నడిపితే, అవే 60 చక్రాలు 4 మైక్రోసెకన్లలో అయిపోతాయి. కొన్ని బైట్లు జారిపోయి బొమ్మ ఎనిమిదేసి చుక్కల ముక్కలుగా చెదిరే ప్రమాదం ఉంది. అలా చెదిరితే స్క్రూలు విప్పనక్కరలేదు, ప్రోగ్రామును సరిచేస్తే చాలు.

డ్రైవర్ చిప్పు దారులను తెర గాజుకు కలిపే అతుకు ఊడితే కనిపించే తీరు వేరు. డ్రైవర్ చిప్పు నుంచి గాజుకు నిలువులకు 96, వరసలకు 64, మొత్తం 160 దారులు వెళతాయి. వాటిలో ఒక నిలువు దారి తెగితే పై నుంచి కింది వరకు సన్నని ఒంటి గీత మాయమవుతుంది. ఏ ప్రోగ్రాము నడిపినా అదే చోట మాయమవుతుంది. తెర మొత్తం నల్లగా నింపే చిన్న ప్రోగ్రాము ఒకటి రాసుకుంటే, అంటే 768 బైట్లలోనూ 255 (ఎనిమిది బిట్లూ ఒకటిగా ఉండే విలువ) పెడితే, ఏయే గీతలు పోయాయో వెంటనే తేలిపోతుంది. ఆ అతుకు ఎక్కువగా టంకం కాదు, వేడితో అంటించిన విద్యుద్వాహక జిగురు. వెనుక మూత తీసి, అతుకు మీద వేలితో మెల్లగా నొక్కినప్పుడు గీత తిరిగి వస్తే జిగురు వదులైందని అర్థం. దాని మీద పలుచని సిలికోన్ రబ్బరు ముక్క పరిచి, తక్కువ వేడి మీద సోల్డరింగ్ ఐరన్‌తో అదిమితే చాలాసార్లు మళ్ళీ పట్టుకుంటుంది. వేడి ఎక్కువైతే తెర మీది పోలరైజర్ పొర మాడిపోతుంది. అప్పుడు ఉన్నది కూడా పోతుంది.

బరంపురానికి గోపాలపురం సముద్రం ఎంతో దూరం లేదు. అక్కడి నుంచి వచ్చే ఉప్పు, గాలిలోని తేమను పీల్చుకుని సర్క్యూట్ బోర్డు మీద పలుచని తడి పొర ఏర్పరుస్తుంది, ఆ పొర గుండా విద్యుత్తు పారి రాగి దారులను తినివేస్తుంది. బీరువాలో మరిచిపోయిన సెల్లు దీనికి తోడవుతాయి. శుభ్రం చేసే ముందు కారిన సెల్లు ఏ రకానిదో చూడటం ముఖ్యం. అమెరికా నుంచి వచ్చిన యంత్రంలో సాధారణంగా ఆల్కలైన్ సెల్లు ఉంటాయి. వాటి నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, గాలి తగిలి తెల్లని పొడిగా గడ్డకడుతుంది. దానికి నిమ్మరసమో వెనిగరో విరుగుడు. మన కిరాణా కొట్లో రిమోట్ కోసం కొనే చవక సెల్లు ఎక్కువగా జింక్-కార్బన్ రకం. వాటి నుంచి కారే జింక్ క్లోరైడ్ ఆమ్ల స్వభావం గలది, దానికి వంటసోడా నీళ్ళు కావాలి. ఏది వాడినా చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. స్ప్రింగు మీది చిలుము గీకేసి సంతోషించి ఊరుకోకూడదు. కారిన ద్రవం తీగ వెంట పాకి బోర్డు దాకా చేరి ఉండవచ్చు కనుక ఆ తీగ రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడటం మేలు.

సొంత ప్రోగ్రాములు రాసేవారికి తయారీదారులు తలుపులు ఎల్లవేళలా తెరిచి ఉంచలేదు. 1990లలో అభిరుచి గలవారు టీఐ-85 మెమరీ బ్యాకప్‌ను మార్చి, అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలతో నేరుగా రాసే భాష) ప్రోగ్రాములు నడిపేందుకు సంస్థ ఇవ్వని మార్గాన్ని తామే కనిపెట్టారు. 2009లో టీఐ-83 ప్లస్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కాపలాగా ఉన్న 512 బిట్ల ఆర్ఎస్ఏ సంఖ్యను (తాళంలా పనిచేసే గుప్తలేఖన సంఖ్య) ఒక అభిరుచి గల వ్యక్తి సొంత కంప్యూటర్‌తోనే కారణాంకాలుగా విడగొట్టగా, సంస్థ చట్టపరమైన నోటీసులు పంపింది. 2020లో పరీక్షల భద్రతను కారణంగా చూపి రంగుల తెర గల టీఐ-84 ప్లస్ సీఈలో అసెంబ్లీ, సి ప్రోగ్రాములు నడిచే వీలు తొలగించింది. అదే ఏడాది దానికీ దొడ్డిదారి దొరికింది. పరీక్ష హాలు రక్షణ అవసరమే, అయితే కొన్నవాడు ఇంట్లో ఏ ప్రోగ్రాము నడపాలో కూడా సంస్థే నిర్ణయించడం నాకు సబబుగా తోచదు.

యంత్రం దొరకనివారు వాబిట్‌ఎము, టిలెమ్ వంటి ఎమ్యులేటర్లతో (కాలిక్యులేటర్‌ను అనుకరించే ప్రోగ్రాములతో) కంప్యూటర్ మీదే మొదలుపెట్టవచ్చు. వాటికి కావలసిన రోమ్ (యంత్రంలో శాశ్వతంగా ఉండే సాఫ్ట్‌వేర్) నకలు సంస్థ హక్కుల కింద ఉంటుంది కాబట్టి, సొంత కాలిక్యులేటర్ నుంచి తీసుకోవడమే సరైన దారి. కొన్ని ఎమ్యులేటర్లు తెర డ్రైవర్ కోరే 10 మైక్రోసెకన్ల విరామాన్ని పట్టించుకోవు. అందువల్ల అక్కడ నిక్షేపంగా నడిచిన ప్రోగ్రామును అసలు యంత్రం మీద, రెండు వేగాల్లోనూ నడిపి చూశాకే ఇతరులకు పంచాలి.