ఇస్లామిక్ బ్యాంకుకు గిరాకీ నిజంగా ఎంత? అపోహలు – వాస్తవాలు

వర్ధమాన దేశాల్లో ఇస్లామిక్ బ్యాంకు, అంటే వడ్డీ తీసుకోని, ఇవ్వని బ్యాంకు, పెట్టాలన్న ప్రతిపాదన రాగానే ముందు ఒక సర్వే చేయిస్తారు. అడిగినవాళ్లలో అత్యధికులు "కావాలి" అంటారు. ఆ అంకెను పట్టుకుని లైసెన్సు తెచ్చుకుంటారు, శాఖలు తెరుస్తారు. తీరా కౌంటరు దగ్గర ఆ జనం ఉండరు. సర్వేలో వాళ్లు అబద్ధం చెప్పలేదు. కోరికకూ గిరాకీకీ మధ్య ధర, దూరం, నమ్మకం, కాగితాలు అడ్డం ఉంటాయి. సర్వే వాటి గురించి అడగలేదంతే. ఈ రంగంలో పదేపదే వినిపించే అపోహల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

అపోహ: ముస్లిం జనాభా ఎంతో గిరాకీ అంత

ప్రాజెక్టు రిపోర్టుల్లో కనిపించే లెక్క ఇలా ఉంటుంది: వయోజన ముస్లింలు ఇంతమంది, అందులో బ్యాంకు ఖాతా లేనివాళ్లు ఇంతమంది, కాబట్టి మార్కెట్ ఇంత. ఖాతా లేకపోవడానికి మతమే కారణమన్న ఊహ మీద ఈ లెక్కంతా నిలబడి ఉంటుంది. ప్రపంచ బ్యాంకు 2011లో చేసిన మొదటి గ్లోబల్ ఫిండెక్స్ సర్వేలో ఖాతా లేనివాళ్లను కారణాలు అడిగారు. ఒకరు ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. దాచుకునేంత డబ్బు లేదన్నవాళ్లు 65 శాతం. ఖర్చు ఎక్కువన్నవాళ్లు 25 శాతం, బ్యాంకు దూరమన్నవాళ్లు 20 శాతం. మతపరమైన కారణం చెప్పినవాళ్లు 5 శాతమే. ఇది ప్రపంచ సగటు, కొన్ని ముస్లిం దేశాల్లో ఈ చివరి అంకె దీనికన్నా చాలా ఎక్కువ. అక్కడ కూడా మొదటి మూడు కారణాలు మాయం కావు. శాఖ ఇరవై కిలోమీటర్ల అవతల ఉంటే షరియా బోర్డులో (బ్యాంకు ఇస్లామిక్ నియమాలు పాటిస్తోందో లేదో చూసే మండలిలో) ఎంత పెద్ద పండితులున్నా ఆ మనిషి రాడు.

ఇంకో సంగతి. వడ్డీ వద్దనుకునేవాళ్లలో చాలామందికి మామూలు బ్యాంకుల్లో ఖాతాలు ఇప్పటికే ఉంటాయి. కొందరు వడ్డీ రాని కరెంటు ఖాతా వాడతారు, కొందరు జమైన వడ్డీని తీసి దానం చేసేస్తారు. కొత్త ఇస్లామిక్ బ్యాంకుకు మొదట వచ్చేది వీళ్లే. అంటే తొలి డిపాజిట్లలో ఎక్కువ భాగం పక్క బ్యాంకు నుంచి మళ్లిన డబ్బు. దాన్ని "బ్యాంకింగ్ పరిధిలోకి కొత్తగా వచ్చినవారు" అని లెక్కల్లో రాసుకోవడం ఆత్మవంచన.

అంచనా వేసేటప్పుడు జనాన్ని మూడు వర్గాలుగా విడదీయాలి. ఎక్కువ ఖర్చైనా సరే వడ్డీ ముట్టనివాళ్లు ఒకరు. షరతులు సమానంగా ఉంటే ఇటు వచ్చేవాళ్లు రెండోవారు. సేవ బాగుంటే ఏ బ్యాంకైనా ఒకటే అనుకునేవాళ్లు మూడోవారు. మొదటి వర్గం బ్యాంకును నిలబెడుతుంది కానీ పెంచలేదు. పెరుగుదల రెండో వర్గం నుంచే రావాలి, ఆ వర్గం ధర చూస్తుంది.

అపోహ: సర్వేలో "కావాలి" అన్నవాళ్లు ఖాతా తెరుస్తారు

"వడ్డీ లేని బ్యాంకు వస్తే ఖాతా తెరుస్తారా?" అన్న ప్రశ్నకు, పక్కన నలుగురు వింటుండగా, కాదని ఎవరంటారు? ఆ ప్రశ్న విశ్వాసం గురించి అడుగుతోంది, కొనుగోలు గురించి కాదు. ప్రశ్నలు వేసేవారి వేషధారణ కూడా జవాబును మార్చేస్తుంది. అందుకే ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. మతం మాట సర్వే చివర్లో రావాలి.

పనికొచ్చే పద్ధతి ఇది. మొదట గత పన్నెండు నెలల్లో ఏం చేశారో అడగండి: డబ్బు అవసరమైతే ఎక్కడ తెచ్చారు, దుకాణంలో అరువా, వడ్డీ వ్యాపారా, బంగారం తాకట్టా, చుట్టాలా? తర్వాత పథకాన్ని అరబీ పేర్లు లేకుండా చెప్పండి: "మీ డబ్బు మీద ఎంత వస్తుందో ముందే చెప్పలేం. నష్టం వస్తే అసలు కూడా తగ్గొచ్చు. అయినా వేస్తారా?" అంతకుముందు "కావాలి" అన్నవాళ్లలో ఎంతమంది ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయారో, అదే మీ సర్వేలో అన్నిటికన్నా విలువైన అంకె.

ఆ తర్వాత రెండేసి కార్డులు చూపించి ఏది కావాలో అడగండి. ఒకే కుట్టు మిషను, ఒకే గడువు. ఒక కార్డులో మామూలు అప్పు, నెలకు 1,000. రెండో దానిలో ఇస్లామిక్ పద్ధతి, నెలకు 1,000 లేదా 1,020 లేదా 1,040 లేదా 1,080. ఒక్కో మనిషికి వేర్వేరు తేడాలు చూపించాలి, అన్నీ ఒకరికే చూపిస్తే ఆట అర్థమైపోతుంది. ఏ తేడా దగ్గర జనం మొదటి కార్డు వైపు మళ్లుతున్నారో అక్కడ మీ ధర పరిమితి దొరుకుతుంది. చివరగా, ఆసక్తి ఉందన్నవాళ్ల దగ్గర తిరిగి ఇచ్చే షరతు మీద చిన్న మొత్తం కట్టించుకుని పేరు నమోదు చేయండి. జేబులోంచి డబ్బు తీసిన చేతులు లెక్కపెడితే చాలు.

పాకిస్తాన్ స్టేట్ బ్యాంకు 2014లో వెలువరించిన అధ్యయనం జనం ఎరుకను, వైఖరిని, ఆచరణను మూడింటినీ విడివిడిగా పరిశీలించింది. అలా విడదీయకుండా వేసిన సర్వే అంకెల మీద శాఖల సంఖ్య నిర్ణయించకూడదు.

అపోహ: వడ్డీ లేదు కాబట్టి చవక

మురాబహాలో బ్యాంకు వస్తువును 1,00,000కు కొని మీకు 1,12,000కు అమ్ముతుంది, పన్నెండు నెలసరి వాయిదాల్లో కట్టమంటుంది. వాయిదా 9,333. "లాభం 12 శాతమే" అని కరపత్రంలో ఉంటుంది. అయితే నెలనెలా బాకీ తగ్గుతూ ఉంటుంది కదా. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 21.5 శాతం అవుతుంది. అదే మొత్తం మామూలు బ్యాంకులో తగ్గే బాకీ మీద 18 శాతానికి తీసుకుంటే వాయిదా 9,168. అంటే 12 అని రాసి ఉన్నది 18 కన్నా ఖరీదు, ఏడాదిలో దాదాపు 2,000 తేడా. ఇది ఇస్లామిక్ బ్యాంకులకు మాత్రమే ఉన్న జబ్బు కాదు, ఫ్లాట్ లెక్క (మొదటి అప్పు మొత్తం మీదే శాతం) చెప్పే ఫైనాన్స్ సంస్థలన్నీ ఇదే చేస్తాయి. కాకపోతే నమ్మకంతో వచ్చిన ఖాతాదారు దీన్ని మోసంగా తీసుకుంటాడు, మళ్లీ రాడు. అందుకే మొత్తం ధర, వాయిదా, తగ్గే బాకీ మీద శాతం మూడూ ఒకే కాగితం మీద ఇవ్వాలి.

ఖర్చు ఎక్కువ కావడానికి కారణాలున్నాయి: చిన్న బ్యాంకు, ఎక్కువ పత్రాలు, షరియా తనిఖీ. మంచి కూడా ఉంది. ఒప్పుకున్న ధర మధ్యలో పెరగదు. వాయిదా ఆలస్యమైతే వేసే మొత్తాన్ని బ్యాంకు తన ఆదాయంలో కలుపుకోకూడదు, దానం ఖాతాకు మళ్లించాలి. ముందుగా కట్టేస్తే తగ్గింపు వస్తుందా అన్నది మాత్రం సంతకానికి ముందే అడగాలి, ఎందుకంటే చాలాచోట్ల అది బ్యాంకు దయ మీద ఉంటుంది. మలేషియా కేంద్ర బ్యాంకు ఈ తగ్గింపును ఒప్పందంలోనే రాయాలని నిబంధన పెట్టింది. మిగతా దేశాలూ పెట్టాలి.

అపోహ: ఇదంతా పేరు మార్చిన వడ్డీ

సగం నిజం. తేడా అంతా పనుల వరుసలో ఉంది, ఆ వరుస తప్పితే విమర్శకులే గెలుస్తారు. మురాబహాలో ముందుగా కొంటానని ఖాతాదారు మాట ఇస్తాడు. బ్యాంకు సరుకు కొంటుంది, స్వాధీనం చేసుకుంటుంది. ఆ స్వాధీనంలో ఉన్నంతసేపు సరుకు పాడైతే నష్టం బ్యాంకుదే. ఆ తర్వాతే అమ్మకం, వాయిదాలు. ధరకు అర్హత తెచ్చేది మధ్యలో మోసిన ఆ నష్టభయమే.

తప్పులు ఎక్కడ జరుగుతాయో ఫైలు చూస్తే తెలిసిపోతుంది. అమ్మకం ఒప్పందం ఉదయం పదకొండుకి సంతకమైంది, డెలివరీ చలానా సాయంత్రం నాలుగుది: బ్యాంకు తన దగ్గర లేని సరుకును అమ్మేసింది. బిల్లు ఖాతాదారు పేరు మీద ఉంది: మధ్యలో బ్యాంకు కొనలేదు. సరుకు రెండు వారాల కిందటే వాడేశారు: అప్పుకు పాత బిల్లు తగిలించారు. డబ్బు సరఫరాదారుకు కాక నేరుగా ఖాతాదారు చేతికి వెళ్లింది: ఇక చెప్పేదేముంది. ఇలాంటి లావాదేవీ మీద వచ్చిన లాభాన్ని షరియా ఆడిట్ రద్దు చేసి దానానికి పంపాలి. తన ఆదాయం పోతుందని తెలిస్తేనే శాఖ మేనేజరు తేదీలు చూస్తాడు.

నగదు కావాలనేవారికి ఇచ్చే తవర్రుఖ్ సంగతి ఇంకా తలనొప్పి. సరుకును అరువుకు అమ్మినట్టు, వెంటనే మూడోవారికి నగదుకు అమ్మిపెట్టినట్టు కాగితాలు నడుస్తాయి, ఖాతాదారు ఆ సరుకును కంటితో కూడా చూడడు. బ్యాంకులు ముందే కుదిర్చి నడిపే ఈ పద్ధతి చెల్లదని మతన్యాయ పండితుల సంస్థ అయిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2009లో తీర్మానించింది. అయినా చాలా దేశాల్లో అది నడుస్తూనే ఉంది. కారణం సూటిది: జనానికి కావలసింది ఎక్కువసార్లు సరుకు కాదు, నగదు. ఆసుపత్రి బిల్లుకు, పెళ్లి ఖర్చుకు మురాబహా కుదరదు. గిరాకీ సర్వేల్లో దీన్ని విడిగా అడగకపోతే పథకాల జాబితా అంతా తప్పుతుంది.

అపోహ: డిపాజిట్ మీద లాభం పక్కా, అసలుకు ఢోకా లేదు

ముదారబాలో డబ్బు ఖాతాదారుది, దాన్ని వ్యాపారంలో పెట్టేది బ్యాంకు, లాభం ఇద్దరూ పంచుకుంటారు. ఈ ఖాతాలో ముందే ఖరారయ్యేది పంపకం నిష్పత్తి, శాతం కాదు. డిపాజిట్ల పూల్‌లో (అందరి డబ్బూ కలిపిన నిధిలో) కోటి ఉందనుకుందాం: సేవింగ్స్ 50 లక్షలు, మూడేళ్ల డిపాజిట్లు 50 లక్షలు. ఏడాదిలో పూల్ సంపాదన 7.5 లక్షలు. డిపాజిటర్లకు 60, బ్యాంకుకు 40 అయితే డిపాజిటర్ల వాటా 4.5 లక్షలు. సేవింగ్స్‌కు 0.6, మూడేళ్ల దానికి 1.2 చొప్పున బరువులు (పంపకంలో ఒక్కో రకం డిపాజిట్‌ను ఎంతగా లెక్కించాలో చెప్పే అంకెలు) ఉంటే మొదటివారికి 1.5 లక్షలు, అంటే 3 శాతం. రెండోవారికి 3 లక్షలు, అంటే 6 శాతం. ఈ బరువులు నెల మొదలయ్యే ముందే ప్రకటించాలి. నెలాఖరున సంపాదన చూసి మార్చే బ్యాంకు ఒకరి లాభాన్ని ఇంకొకరికి మళ్లిస్తోందన్నమాట.

నష్టం వస్తే డబ్బు పెట్టినవాళ్లదే, నిర్లక్ష్యం రుజువైతే తప్ప. టర్కీలో 2001లో ఇహ్లాస్ ఫైనాన్స్ అనే ఇస్లామిక్ ఫైనాన్స్ సంస్థ మూతపడినప్పుడు అక్కడి లాభనష్టాల ఖాతాలకు డిపాజిట్ బీమా లేదు. పెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అందుకే: ఈ ఖాతాకు బీమా ఉందా? మలేషియా 2013 చట్టం డిపాజిట్లను, పెట్టుబడి ఖాతాలను వేరు చేసింది. రెండో రకానికి బీమా లేదు. ఇక "హలాల్ పెట్టుబడి, నెలకు ఇంత ఖాయం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. నిజమైన ముదారబాలో నెలకు ఇంత ఖాయమన్న హామీ ఇవ్వడానికే వీల్లేదు.

అపోహ: ముస్లిమేతరులు రారు

మలేషియాలో వస్తున్నారు. వాయిదా స్థిరంగా ఉంటుందనో, శాఖ దగ్గరనో వస్తారు.

అపోహ: ఇస్లామిక్ బ్యాంకు మేలు పేదలకే ముందు అందుతుంది

1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో అహ్మద్ అల్ నజ్జార్ మొదలుపెట్టిన పొదుపు బ్యాంకు గ్రామీణులకు నిజంగా చేరింది. దాని పేరులో ఇస్లాం మాటే లేదు. చిన్న మొత్తాలు తీసుకోవడం, ఊళ్లోనే ఉండటం, దాచినవారికి వడ్డీ లేని చిన్న అప్పు ఇవ్వడం దాన్ని నడిపించాయి. ఆ తర్వాత వచ్చిన వాణిజ్య ఇస్లామిక్ బ్యాంకులు జీతగాళ్లకు కార్లు, ఇళ్లు అమ్మడం వైపే మొగ్గాయి, ఎందుకంటే చిన్న మురాబహాకూ పెద్ద దానికీ కాగితాల ఖర్చు దాదాపు ఒకటే. పేదలకు పనికొచ్చేది ఖర్జే హసనా, అంటే వడ్డీ లేని అప్పు. పాకిస్తాన్‌లో 2001 నుంచి అఖూవత్ సంస్థ ఈ పని చేస్తోంది, కానీ దాని మూలధనంలో దానాలకు పెద్ద పాత్ర ఉంది. డిపాజిటర్ల డబ్బుతో బ్యాంకు దీన్ని పెద్ద ఎత్తున చేయలేదు.

అపోహ: లైసెన్సు ఇస్తే గిరాకీ దానంతటదే నిండుతుంది

లైసెన్సు తర్వాతే అసలు పని. బ్యాంకు ఇల్లు కొని మళ్లీ అమ్మితే రిజిస్ట్రేషన్ సుంకం రెండుసార్లు పడుతుంది, చట్టం మార్చకపోతే ఆ ఖర్చంతా ఖాతాదారుదే. భారత బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 1949లోని 8వ సెక్షన్ బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయకూడదంటుంది. అలాంటిచోట మురాబహాకు చట్టంలోనే తావు లేదు.

మిగులు డబ్బు ఎక్కడ పెట్టాలన్నది మరో చిక్కు. దాచుకునేవాళ్లు తొందరగా వస్తారు, తీసుకునేవాళ్లు నెమ్మదిగా వస్తారు. మామూలు బ్యాంకు మిగిలినదాన్ని ట్రెజరీ బిల్లుల్లో పెడుతుంది, అవి వడ్డీ పత్రాలు కాబట్టి ఇస్లామిక్ బ్యాంకుకు ఆ దారి లేదు. నైజీరియాలో జైజ్ అనే ఇస్లామిక్ బ్యాంకు 2012లో మొదలైతే, కేంద్ర ప్రభుత్వపు తొలి సుకూక్ (వడ్డీకి బదులు ఆస్తి మీద అద్దె ఇచ్చే బాండు లాంటి పత్రం) 2017లో వచ్చింది: 100 బిలియన్ నైరాలు, ఏడేళ్ల గడువు, 16.47 శాతం అద్దె రాబడి, రోడ్ల కోసం. లైసెన్సుతో పాటే సుకూక్ కాలపట్టిక కూడా ఉండాలి, వారం నుంచి మూడు నెలల గడువు పత్రాలతో సహా.

మామూలు బ్యాంకులో ఇస్లామిక్ విండో (ఇస్లామిక్ పద్ధతి సేవలకు విడి విభాగం) తెరవడం త్వరగా అయ్యే మార్గం. ఇండోనేషియా 2008 చట్టం ఇలాంటి విండోలను విడి బ్యాంకులుగా మార్చడానికి పదిహేనేళ్ల గడువు పెట్టింది. విండో తెరిచేవారు మొదటిరోజు నుంచే వేరు లెడ్జరు, వేరు నగదు నిల్వ, రోజువారీ నిల్వల మీద బరువులు వేసి లాభం పంచగల సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసుకోవాలి. అవి లేకుండా మొదలుపెట్టినచోట ఆర్నెల్లకోసారి లాభం చేత్తో లెక్కిస్తారు, పంపకం ఆలస్యమవుతుంది, ఖాతాదారు పాస్‌బుక్ పట్టుకుని వచ్చి "నా డబ్బు దేంట్లో పెట్టారు?" అని అడిగితే కౌంటరులో జవాబు చెప్పేవాళ్లు ఉండరు.