హైజంప్: వెల్లకిలా దూకే పద్ధతి ఎక్కడిది?

ఇసుక గుంత తప్ప మరేమీ లేని స్కూలు మైదానంలో పిల్లలు కాళ్లు కత్తెరలా ఒకదాని తర్వాత ఒకటి బార్ దాటించే సిజర్స్ పద్ధతిలోనే హైజంప్ చేస్తారు. టీవీలో చూసి ఎవరైనా వెల్లకిలా దూకబోతే పీఈటీ వద్దనడం సబబే. ఫాస్‌బరీ ఫ్లాప్ అనే ఈ వెల్లకిలా పద్ధతిలో కింద తగిలేది వీపు, భుజాలు. కాస్త తేడా వస్తే మెడ.

ఒకప్పుడు అందరూ ఇసుకలోనో రంపపు పొట్టులోనో పడేవారు కాబట్టి కాళ్లమీదో చేతులమీదో దిగే పద్ధతులే పుట్టాయి. 1912లో జార్జ్ హోరైన్ పక్కవాటుగా బార్ దాటే వెస్ట్రన్ రోల్‌తో 2 మీటర్లు దాటాడు. నిబంధనలూ కట్టడి చేసేవి. బార్ మీదుగా తల ముందు వెళ్తే ఫౌల్. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో జీన్ షైలీతో సమానంగా ఎత్తు దాటిన బేబ్ డిడ్రిక్సన్‌కు ఈ కారణంతోనే రజతం దక్కింది. ఆ నిబంధన పోయాక, బోర్లా బార్ దాటే స్ట్రాడిల్‌దే రాజ్యం. 1956లో చార్లెస్ డూమాస్ 2.15 మీటర్లతో ఏడడుగులు దాటితే, 1963 నాటికి సోవియట్ జంపర్ బ్రూమెల్ రికార్డును 2.28కి చేర్చాడు.

అమెరికాలోని మెడ్‌ఫర్డ్‌లో చదివే డిక్ ఫాస్‌బరీకి స్ట్రాడిల్ ఎంతకీ పట్టుబడలేదు. పాత సిజర్స్‌కే తిరిగెళ్లి, నడుము ఎత్తుతూ ఎత్తుతూ వెల్లకిలా అయ్యాడు. ఫోమ్ పరుపులు వచ్చింది ఆ కాలంలోనే. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో ఆ పద్ధతిలోనే 2.24తో స్వర్ణం గెలిచాడు.

దాంతో స్ట్రాడిల్ మూలపడిందనుకుంటే పొరపాటు. 1977లో రోజ్‌మేరీ అకర్‌మన్ 2 మీటర్లు దాటిన తొలి మహిళ అయింది స్ట్రాడిల్‌తోనే. 1978లో సోవియట్ జంపర్ యాష్చెంకో 2.34 రికార్డూ అంతే. ఫ్లాప్ నెగ్గింది త్వరగా వంటబడుతుంది గనుక, వేగంగా పరిగెత్తేవాళ్లకు అనువు గనుక. 1993లో క్యూబా జంపర్ సోటోమేయర్ దూకిన 2.45 ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఫ్లాప్‌లో కిటుకంతా వంపు పరుగులో ఉంది. సుమారు పది అంగల పరుగులో చివరి నాలుగైదు అంగలు వంపుగా, ఒళ్లు వంపు లోపలికి వాల్చి వేయాలి. బార్‌కు దూరంగా ఉన్న కాలితో ఎగరాలి. ఆ వాలు నిటారుగా మారే క్షణంలోనే పైకి ఊపూ, వీపు తిరగడమూ రెండూ వస్తాయి. వంపును తిన్నగా కోసేస్తే పైకి లేవకుండా బార్ మీదే పడతారు. బార్ మీద విల్లులా వంగితే శరీర గురుత్వ కేంద్రం బార్ కిందుగానే పోవచ్చు. నడుము తొందరగా దించి ‘కూర్చుంటే’ పిరుదులు తగిలి బార్ రాలుతుంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఈ తప్పే.

పెద్ద అంతర్జాతీయ పోటీలకు కనీసం 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 70 సెంటీమీటర్ల మందం ఉన్న పరుపు కావాలి. విడి పరుపులు జతచేస్తే మధ్య సందు లేకుండా బిగించి, పైన కవరు తొడగాలి. తగిన పరుపు లేనిచోట వంపు పరుగుతో సిజర్స్ చేయించడం మేలు. మంచి పరుపు ఉన్నచోట కూడా ఫ్లాప్ నేర్పే ముందు కోచ్‌లు చేయించేది ఆ కసరత్తే.