పాయింట్ గార్డ్ చేతికి బంతి ఎలా వచ్చింది

అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏటా నవంబర్‌లో సీజన్ మొదలవగానే ఒక చర్చ లేస్తుంది. హైస్కూల్ నుంచి పెద్ద పేరుతో వచ్చిన పద్దెనిమిదేళ్ల అమ్మాయికి మొదటి రోజు నుంచే పాయింట్ గార్డ్ బాధ్యత, అంటే బంతిని ముందుకు తీసుకెళ్లి జట్టును నడిపించే పని, అప్పగించాలా, ఒకటి రెండేళ్లు సీనియర్ వెనక కూర్చోబెట్టాలా? అప్పగిస్తే ఆ పిల్ల చేసే తప్పులన్నీ జట్టు భరించాలి. కూర్చోబెడితే సీజన్ అయ్యాక బ్యాగు సర్దుకుని వేరే యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు. ఈ రెండో భయం కొత్తగా వచ్చింది. ఆ మాటకొస్తే, మహిళల ఆటలో పాయింట్ గార్డ్ అనే స్థానం వయసే అరవై ఏళ్లు దాటలేదు.

1892లో మసాచుసెట్స్‌లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే టీచర్ అమ్మాయిలకు ఈ ఆట నేర్పింది. మొరటుగా ఉంటే కాలేజీ పెద్దలు ఒప్పుకోరని కోర్టును మూడు భాగాలు చేసింది. ఎవరి భాగంలో వాళ్లే ఆడాలి, గీత దాటకూడదు. బంతిని మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు, ఎదుటివాళ్ల చేతిలోంచి లాక్కోకూడదు. 1938లో కోర్టు రెండు భాగాలైంది, జట్టుకు ఆరుగురయ్యారు. ముగ్గురు ఫార్వర్డ్‌లు ఒక సగంలో బుట్టలోకి వేస్తారు, ముగ్గురు గార్డ్‌లు రెండో సగంలో అడ్డుకుంటారు. గార్డ్‌గా ఆడే అమ్మాయి తన కెరీర్ మొత్తంలో ఒక్క షాట్ కూడా వేయకపోవచ్చు. బంతిని ఈ చివర నుంచి ఆ చివరికి తీసుకెళ్లి, అయిదుగురిని నడిపించే మనిషికి ఈ రూల్స్‌లో చోటే లేదు. డ్రిబుల్ మీద, అంటే బంతిని నేలకు కొడుతూ ముందుకెళ్లడం మీద, పరిమితి 1966లో పోయింది. అయిదుగురు కోర్టంతా తిరిగే ఆట 1971లోగానీ అధికారికం కాలేదు.

అయోవా రాష్ట్రం హైస్కూళ్లలో మాత్రం ఆ ఆరుగురి ఆట 1993 దాకా సాగింది. అక్కడ ఆడిన జాన్ జెన్సెన్ 1987లో స్కూల్ చివరి ఏడాది మ్యాచ్‌కు సగటున 66 పాయింట్లు వేసింది. సగం కోర్టులోనే పెరిగిన ఈవిడే తర్వాత అయోవా యూనివర్సిటీలో కోచింగ్ సిబ్బందిలో చేరి, సగం గీత దగ్గర నుంచే షాట్ వేసే కెయిట్లిన్ క్లార్క్‌ను తీర్చిదిద్దినవాళ్లలో ఒకరు కావడం నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది.

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడపిల్లల పట్ల వివక్ష కుదరదంది. స్కాలర్‌షిప్‌లు, కోచ్‌లు, జిమ్‌లు మెల్లగా వచ్చాయి. అయితే తొలితరం పాయింట్ గార్డ్‌లను కాలేజీలు తయారు చేశాయనుకుంటే పొరపాటు. నాన్సీ లీబర్మన్ న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగింది. అక్కడి నుంచి రైలెక్కి హార్లెమ్ వెళ్లి అబ్బాయిలతో ఆడి చేయి తిప్పుకుంది. ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీకి 1979, 1980 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టేనాటికి ఆమె ఆట ముందే వీధి కోర్టులో పక్వానికి వచ్చేసింది. డాన్ స్టేలీదీ అదే దారి. ఫిలడెల్ఫియా ఉత్తర భాగంలోని ప్రభుత్వ గృహ సముదాయంలో, అన్నదమ్ముల మధ్య, మగపిల్లల మధ్య ఆడుతూ పెరిగిన అయిదడుగుల ఆరంగుళాల అమ్మాయి వర్జీనియా యూనివర్సిటీని 1990 నుంచి వరసగా మూడేళ్లు ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్స్‌కు, తీసుకెళ్లింది.

ఈ వీధి చదువునే కాలేజీలు తర్వాత జిమ్‌లోకి తెచ్చాయి. క్యాంపస్‌లో చదువుకునే మామూలు అబ్బాయిల్లో ఆట వచ్చినవాళ్లను ప్రాక్టీస్ ప్లేయర్లుగా పెట్టుకోవడం పెద్ద జట్లన్నింటిలో అలవాటైంది. కుర్ర పాయింట్ గార్డ్ మీద తనకంటే ఎత్తు, వేగం ఉన్న అబ్బాయిని వదులుతారు. కొన్నిసార్లు అయిదుగురి మీద ఆరేడుగురిని దింపుతారు. ప్రాక్టీస్‌లో పాస్ వెళ్లే సందు అంత ఇరుకైతే అసలు మ్యాచ్‌లో వెడల్పుగా కనిపిస్తుందని లెక్క. ఇది బెంచ్ మీది అమ్మాయిల అవకాశం లాక్కుంటోందని 2006లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కమిటీ ఒకటి నిషేధం సిఫార్సు చేసింది. కోచ్‌లు గట్టిగా అడ్డుపడ్డారు, పద్ధతి నిలిచింది.

రూల్ కూడా ఒకటి బరువు పెంచింది. మగవాళ్ల ఆటలో 1930లలోనే వచ్చిన పది సెకన్ల నిబంధన, అంటే బంతిని పది సెకన్లలో సగం గీత దాటించాలన్నది, మహిళల కాలేజీ ఆటలోకి 2013-14లోగానీ రాలేదు. అంతకుముందు ఎదుటి జట్టు ప్రెస్ చేసినా, అంటే కోర్టంతా మీద పడి ఒత్తిడి పెట్టినా, పాయింట్ గార్డ్ తిరుగుతూ నెమ్మదిగా దాటొచ్చు. ఇప్పుడు కుదరదు.

ఇంత కష్టం దేనికంటే, చేతి పని కంటే కంటి పనికే టైమ్ ఎక్కువ పడుతుంది. పిక్ అండ్ రోల్ తీసుకోండి. తోటి ప్లేయర్ వచ్చి అడ్డుగా నిలబడుతుంది, పాయింట్ గార్డ్ ఆమె భుజాన్ని రాసుకుంటూ మలుపు తిరుగుతుంది. ఆ క్షణంలో ఎదుటి పొడుగు ప్లేయర్ ముందుకు దూకిందా, వెనక్కి తగ్గిందా? అవతలి మూలన ఉన్న డిఫెండర్ ఒక అడుగు లోపలికి వేసిందా? వేస్తే మూలన ఉన్న షూటర్ ఖాళీ. ఇదంతా చూసి, డ్రిబుల్ ఆపకుండా, ఒక సెకనులో తేల్చేయాలి. సీజన్‌లో ప్రాక్టీస్‌కు ఎన్‌సీఏఏ ఇచ్చేది వారానికి 20 గంటలు. అందులో ఈ ఒక్క అమ్మాయికి దక్కేది ఎంత? అందుకే మిగతాది మ్యాచ్‌ల వీడియో ముందు కూర్చునే నేర్చుకుంటారు.

ఆ టైమ్ ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు, సౌత్ కరోలినా యూనివర్సిటీ కోచ్ అయిన స్టేలీ శిష్యురాలు రేవెన్ జాన్సన్ కంటే మంచి ఉదాహరణ కనబడదు. 2021లో సౌత్ కరోలినాకు వచ్చిన కొత్తలో, రెండో మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని ఆ సీజన్ పోయింది. 2023లో అయోవాతో జరిగిన జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్‌లో జాన్సన్ త్రీ పాయింట్ గీత బయట బంతితో నిలబడితే క్లార్క్ దగ్గరికే రాలేదు, వేసుకోపో అన్నట్టు చెయ్యి విసిరేసింది. ఆ క్లిప్ ఊరూరా తిరిగింది. సౌత్ కరోలినా 77-73తో ఓడింది. ఆట మానేద్దామనుకున్నానని జాన్సన్ తర్వాత చెప్పింది. మానలేదు, షాట్ మీద పని చేసింది. మరుసటి ఏడాది ఇండియానాతో నాకౌట్ మ్యాచ్ చేజారేలా ఉంటే చివరి నిమిషంలో త్రీ వేసింది కూడా ఆమే. 2024 ఏప్రిల్ 7న ఫైనల్‌లో మళ్లీ క్లార్క్ ఎదురైంది. తొలి క్వార్టర్‌లోనే క్లార్క్ 18 పాయింట్లు వేసింది. తర్వాత జాన్సన్ వదల్లేదు. హాఫ్‌టైమ్‌కు ముందు క్లార్క్ చేతిలోంచి బంతి కొట్టేసి ఒంటరిగా వెళ్లి బుట్టలో వేసింది. క్లార్క్ 30 దగ్గర ఆగింది. స్కోరు 87-75, సీజన్ 38-0.

క్లార్క్‌ది పూర్తిగా వేరే దారి అనుకోండి. అయోవా కోచ్ లీసా బ్లూడర్ మొదటి రోజే బంతి ఆమె చేతిలో పెట్టేసింది, ఫ్రెష్‌మన్‌గానే, అంటే కాలేజీ మొదటి ఏడాదిలోనే, మ్యాచ్‌కు సగటు 26.6 పాయింట్లు. బంతి పోగొట్టుకున్న లెక్కా భారీగానే ఉండేది, బ్లూడర్ దాన్ని భరించింది. ఇలాంటివాళ్లు తరానికి ఒకరు వస్తారు. వాళ్లను చూసి అందరికీ అదే మందు వేస్తే దెబ్బతినేది పిల్లలే అని నా అభిప్రాయం.

పాయింట్లు వేసే అమ్మాయిని పాయింట్ గార్డ్‌గా మార్చడమూ తేలిక కాదు. లూయీవిల్ యూనివర్సిటీలో స్కోరర్‌గా పేరు తెచ్చుకున్న హేలీ వాన్ లిత్ 2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూ) మారింది. అక్కడి కోచ్ కిమ్ మల్కీ స్వయంగా ఒకప్పటి గొప్ప పాయింట్ గార్డ్. అయినా ఆ ఏడాది వాన్ లిత్‌కు కలిసిరాలేదు. మరుసటి ఏడాది టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీకి (టీసీయూ) వెళ్లి, ఆ జట్టును చరిత్రలో తొలిసారి ఎలైట్ ఎయిట్‌కు, అంటే జాతీయ టోర్నమెంట్ చివరి ఎనిమిది జట్లలోకి, చేర్చింది.

మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో జట్లు కొత్త ప్లేయర్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు అమెరికా అమ్మాయిలకు ఆ ఏడాది 22 నిండాలి, లేదా డిగ్రీ అయిపోవాలి, లేదా హైస్కూల్ అయి నాలుగేళ్లు గడవాలి. మగవాళ్లలా ఒక్క ఏడాది ఆడి ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లడం కుదరదు కాబట్టి కోచ్‌కు నాలుగేళ్లు చేతిలో ఉండేవి. సూ బర్డ్ 1998లో కనెటికట్‌లో ఎనిమిది మ్యాచ్‌లకే మోకాలి లిగమెంట్ తెగి మొదటి ఏడాది పోగొట్టుకున్నా, 2002లో 39-0 జట్టుకు పాయింట్ గార్డ్‌గా నిలిచిందంటే ఆ నాలుగేళ్లే కారణం. 2018లో జట్టు మారాలనుకునే ప్లేయర్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరిచారు. 2021లో, జట్టు మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నిబంధన తొలి మార్పుకు తీసేశారు. అదే ఏడాది జూలై నుంచి ప్లేయర్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలొచ్చింది. 2024లో ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. అమ్మాయిల వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే. కోచ్‌లు ఇష్టమొచ్చినప్పుడు కాలేజీలు మారుతుంటే అడిగినవాళ్లు లేరు కదా.

కాకపోతే బెంచ్ మీద ఓపిగ్గా కూర్చోమని చెప్పడానికి కోచ్ దగ్గర ఇప్పుడు మాట తప్ప ఇంకేం లేదు. స్టేలీకే ఆ అనుభవమైంది. సొంతూరు కొలంబియా నుంచే వచ్చిన గార్డ్ మిలేజియా ఫుల్‌వైలీ 38-0 జట్టులో బెంచ్ నుంచి వచ్చి అదరగొట్టింది, రెండో ఏడాదీ ఎక్కువగా బెంచ్ నుంచే ఆడింది, 2025 వసంతంలో ఎల్‌ఎస్‌యూకు మారిపోయింది.