పేరు ఇస్తే అనుభవం వస్తుందా? నర్సింగ్ టీచింగ్ మీద అపోహలు, వాస్తవాలు

నర్సింగ్ కాలేజీల్లో ఇన్‌స్పెక్షన్ల సీజన్ మొదలైతే చాలు, నాకు నర్సుల నుంచి ఒకటే రకం ఫోన్లు. "మేడమ్, ఫలానా కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు అడుగుతున్నారు. రోజూ వెళ్లక్కర్లేదట, ఇన్‌స్పెక్షన్ రోజు కనబడితే చాలట. ఏడాదికి ఇంతని ఇస్తారు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కూడా ఇస్తారట. ఇవ్వమంటారా?" గుంటూరు నుంచి విజయవాడ దాకా ఎన్ని నర్సింగ్ కాలేజీల బోర్డులు కనిపిస్తాయో ఆ దారిలో తిరిగేవాళ్లకు తెలుసు. కాబట్టి ఈ ఫోన్లు తగ్గేలా లేవు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే మేలనిపించింది.

అపోహ: పేరు కాలేజీలో ఉంటే చాలు, ఇంట్లో ఉన్నా సర్వీసు లెక్కకొస్తుంది.

రాదు. మిగతా అపోహలతో ఒక ఏడాదో, కాస్త డబ్బో పోతుంది. దీంతో మొత్తం కెరీరే పోతుంది, అందుకే మొదట దీని సంగతి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పది మంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎమ్మెస్సీ నర్సింగ్‌తో పాటు మూడేళ్ల బోధనానుభవం ఉండాలి. ప్రిన్సిపల్‌కి ఎమ్మెస్సీతో 15 ఏళ్ల అనుభవం అడుగుతారు, అందులో 12 ఏళ్లు బోధనే అయి ఉండాలి. ఇంతమందిని నిజంగా జీతాలిచ్చి పెట్టుకోవడం ఇష్టం లేని యాజమాన్యాలు లెక్క నింపుకోవడానికి మీ ఫైలు అడుగుతాయి. ఫైలు చేతికొచ్చాక మీతో వాళ్లకు పని లేదు.

కొన్నాళ్ల క్రితం ఒక సెలక్షన్ ఇంటర్వ్యూలో ప్యానెల్‌లో కూర్చున్నాను. పోస్టు అసిస్టెంట్ ప్రొఫెసర్, సబ్జెక్ట్ ఓబీజీ, అంటే ప్రసూతి, స్త్రీల వ్యాధుల నర్సింగ్. ఒకమ్మాయి వచ్చింది. ఫైలు దిట్టంగా ఉంది, ఏళ్లకేళ్ల అనుభవం, ప్రిన్సిపల్ సంతకం, గుండ్రటి సీలు, అన్నీ ఉన్నాయి. "ఏ బ్యాచ్‌కి ఏ యూనిట్లు చెప్పారమ్మా?" అని అడిగాను. మౌనం. పోనీ కంగారుపడుతోందని పార్టోగ్రాఫ్ షీటు (కాన్పు ఎలా సాగుతోందో గీసే చార్టు) చేతికిచ్చి, థర్డ్ ఇయర్ పిల్లలకు చెప్పినట్టు చెప్పమన్నాను. యాక్షన్ లైన్ దగ్గర, అంటే దాటితే ఇక ఆలస్యం చేయకూడదని చెప్పే గీత దగ్గర ఆగిపోయింది. పక్కనున్న మేడమ్ జీతంలో పన్ను కోత చూపించే ఫారం 16 అడిగారు, లేదు. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగారు, అదీ లేదు. పీఎఫ్ ఉంది కానీ అది ఇంకో ఊళ్లో కార్పొరేట్ ఆసుపత్రి కట్టింది, అవే తేదీల్లో.

ఇంటర్వ్యూ అయ్యాక మెట్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. పెళ్లయ్యాక వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, చూసుకునే దిక్కు లేదు. "ఊరికే ఖాళీగా ఉండేకన్నా పేరన్నా నడుస్తుంది కదా" అని ఇంట్లోవాళ్లే సర్టిఫికెట్లు ఇప్పించారు. తర్వాత డబ్బు చాలక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలకు చేరింది. ఆ పిల్లను తిట్టబుద్ధి కాలేదు. ఈ దారి చూపించినవాళ్ల మీదే నాకు కోపం. వాళ్లలో మన సీనియర్లూ ఉన్నారు.

ఆ అమ్మాయి నిజంగా చేసిన నైట్ డ్యూటీల అనుభవం మీద కూడా అనుమానం పడిందక్కడ, అదీ నా బాధ. ఒకే తేదీల్లో రెండు చోట్ల మనిషి ఉండదు కదా. అబద్ధపు కాగితం పక్కన పెడితే నిజమైన కాగితాన్నీ ఎవరూ నమ్మరు. పైగా ఒక కాలేజీ ఫ్యాకల్టీ జాబితాలో మీ పేరు ఉండగా ఇంకో కాలేజీ మిమ్మల్ని చూపించలేదు, రిలీవింగ్ లెటర్ తెమ్మంటుంది. ఆ లెటర్ మొదటి కాలేజీ చేతిలో ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ ముందు ఇవ్వరు, అయ్యాక ఫోనెత్తరు.

ఇక ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి. "కాలేజీలో చేరితే ఒరిజినల్స్ పెట్టాల్సిందే" అనేది రూలేమో అనుకుంటారు చాలామంది. కాదు. పరిశీలించడానికి చూపించాలి, చూశాక వెనక్కి తీసుకోవాలి. నర్సుల దగ్గర బాండ్లు రాయించుకునే పద్ధతి వద్దని కౌన్సిల్ కూడా ఎప్పుడో చెప్పింది. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే భయపడి నోరు మూసుకోకండి. ఏమేం ఇచ్చారో నంబర్లతో సహా రాసి, తిరిగివ్వమని కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి, కాపీ దగ్గర ఉంచుకోండి. ఉత్తరం అందిందన్న అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు పారేయకండి. నాకు తెలిసినవాళ్లలో సగం మందికి ఆ ఉత్తరంతోనే పని అయింది. మిగతావాళ్లు లాయరు నోటీసు దాకా వెళ్లారు.

నిజంగా పాఠం చెబుతున్నవాళ్లు కూడా కాగితాల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అపాయింట్‌మెంట్ ఆర్డర్, జాయినింగ్ రిపోర్ట్ మొదటి రోజే అడిగి తీసుకోండి. జీతం బ్యాంకులోనే పడాలి. చేతికిస్తామంటే ఒప్పుకోకండి. మీ పేరున్న టైమ్ టేబుల్, మాస్టర్ రొటేషన్ ప్లాన్ (ఏ బ్యాచ్ ఎప్పుడు క్లాసులో, ఎప్పుడు వార్డులో ఉండాలో చూపే పట్టిక), క్లినికల్ సూపర్‌విజన్ డ్యూటీ లిస్టు ఏడాదికొక సెట్టు దాచండి. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్‌గా ఆర్డర్ వస్తే దాన్ని బంగారంలా దాచుకోండి. కాలేజీ రేపు మూతపడినా, యాజమాన్యం మారినా మీరు టీచరని ఇవే సాక్ష్యం చెబుతాయి. ఇదంతా కొత్తగా చేరిన ట్యూటర్లకు ఎవరూ చెప్పరు. మూడేళ్ల తర్వాత "మేడమ్, అప్పటి కాలేజీ ఇప్పుడు లేదు" అని ఫోన్ చేస్తారు.

అపోహ: ఎమ్మెస్సీ చేసి టీచింగ్‌లోకి వెళ్తే వార్డు తప్పుతుంది.

ఈ మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. పొద్దున్నే పిల్లలతో కాలేజీ బస్సెక్కి గుంటూరు జీజీహెచ్‌కో, విజయవాడ పాత ప్రభుత్వాసుపత్రికో వెళ్లి, మే నెల ఎండలో వార్డు వార్డూ తిరిగి, "మీ పిల్లలొస్తే మాకు పని రెట్టింపు" అని విసుక్కునే స్టాఫ్ సిస్టర్‌ని బతిమాలి, మధ్యాహ్నం వచ్చి క్లాసు తీసుకుని, రాత్రికి కేర్ ప్లాన్లు దిద్దేవాళ్లను అడగండి. నర్సింగ్‌లో బోధన అంటే సగం పైగా మంచం పక్కనే. ఈ ఊళ్లకు అది కొత్త కూడా కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ పెట్టిన ఆసుపత్రిలో ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని నేర్పింది వార్డులోనే.

వార్డంటే భయపడి టీచింగ్‌కి వచ్చినవాళ్లకు ఇక్కడ ఇంకా కష్టం. ఒకసారి సెకండ్ ఇయర్ అమ్మాయిని అడిగాను: లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలి, ఐవీ సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? టక్కున "42 మేడమ్" అంది. కరెక్టే. వెళ్లి సెట్ చేయమన్నాను. చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెడుతోంది, క్లాంప్ తిప్పుతోంది, మళ్లీ లెక్కపెడుతోంది. అటు పేషెంట్ చెయ్యి ఉబ్బిపోయి ఉంది. ఆ ముసలాయన "మండుతోందమ్మా" అని రెండుసార్లు అన్నాడు కూడా. పక్కనే కొత్త ట్యూటర్ నిలబడి ఉంది, బీఎస్సీ అయ్యాక వార్డు మొహం సరిగా చూడకుండా ఎమ్మెస్సీ చేసి వచ్చిన పిల్ల. ఆమె కూడా లెక్కే సరిచూస్తోంది. విద్యార్థినిని పక్కకు పిలిచి "ముందు చెయ్యి చూడమ్మా, తర్వాత చుక్కలు" అన్నాను. ట్యూటర్‌కి చెప్పాల్సింది సాయంత్రం కాలేజీలో విడిగా చెప్పాను. ఎమ్మెస్సీలో చేరడానికి బీఎస్సీ తర్వాత ఒక ఏడాది పని చేసి ఉండాలని ఊరికే అడగరు. నన్నడిగితే ఆ ఒక్క ఏడాది కూడా చాలదు, రెండు మూడేళ్లు చేసి రండి.

అపోహ: వార్డులో ఇరవై ఏళ్లు చేశాను కాబట్టి కాలేజీలో నేరుగా ప్రొఫెసర్ అవుతాను.

సీనియర్ సిస్టర్లు ఈ మాటంటే నొచ్చుకోకుండా చెప్పడం కష్టం. వాళ్ల చేతికున్న నైపుణ్యం ముందు మేమెంత? కానీ రూలు ప్రకారం వార్డు ఏళ్లు బోధన ఏళ్లుగా మారవు. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లయితే రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ, తర్వాత రెండేళ్లు ఎమ్మెస్సీ, ఆ పైన బోధన లెక్క మొదలు. వయసు చూసి వెనకాడేవాళ్లకు మాత్రం ధైర్యం చెబుతాను. నలభై దాటి ఎమ్మెస్సీ చేసిన ఒక సిస్టర్ నా సహోద్యోగి. మొదటి క్లాసులో చేతులు వణికాయని తనే చెప్పింది. ఇప్పుడు ఆమె డెమో రూమ్‌లో ఉంటే పక్క బ్యాచ్ పిల్లలు కూడా తలుపు దగ్గర నిలబడి చూస్తారు.

అపోహ: ఉద్యోగం మానకుండా, కాలేజీకి వెళ్లకుండా ఎమ్మెస్సీ చేయొచ్చు.

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండేళ్ల రెగ్యులర్ కోర్సు. దూరవిద్యలో ఇస్తామన్నవాళ్లను నమ్మకండి, కౌన్సిల్ గుర్తించదు. "పక్క రాష్ట్రంలో అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే ఏజెంట్లదీ పైన చెప్పిన జబ్బే, ఫీజు మాత్రం ఎక్కువ.

అపోహ: లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ పాసవ్వాలి, పీహెచ్‌డీ లేకపోతే ప్రమోషన్ రాదు.

యూజీసీ నెట్‌లో నర్సింగ్ సబ్జెక్టే లేదు. పీహెచ్‌డీ ఉంటే మంచిదంటారు, లేకపోతే కుదరదని కాదు. పరిశోధన మీద ఇష్టముంటే చేయండి. పేరు ముందు డాక్టర్ కోసమైతే ఆ ఏళ్లు చాలా భారంగా గడుస్తాయి.

అపోహ: కొత్త కమిషన్ వస్తే పాత డిగ్రీలు చెల్లవు.

వాట్సాప్‌లో తిరుగుతున్న మాట. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు, అంతవరకు నిజం. దాంతో రిజిస్టర్డ్ నర్సుల చదువు రద్దయిపోతుందనేది పుకారు. ఫార్వర్డ్ చేసేముందు ఎవరైనా చట్టం తెరిచి చూశారా? టెన్షన్ పడే టైములో మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి.

అపోహ: కొన్నాళ్లు టీచింగ్ చేసి, తర్వాత ఎప్పుడైనా ఫారిన్ వెళ్లొచ్చు.

వెళ్లొచ్చు, కానీ బయటి ఆసుపత్రులు చాలావరకు ఈమధ్య చేసిన బెడ్‌సైడ్ అనుభవం అడుగుతాయి. విద్యార్థులను వార్డులో సూపర్‌వైజ్ చేసిన ఏళ్లను అందులో కలపమంటే ఒప్పుకునేవాళ్లు తక్కువ. విదేశం మీద గట్టి మనసుంటే ముందు అది చూసుకుని రండి. ఎమ్మెస్సీ సీటు తర్వాతైనా దొరుకుతుంది. ఏది ఎంచుకోవాలో తేలకపోతే ఫోన్ చేయండి, సాయంత్రం ఆరు తర్వాత. ఉదయమంతా లేబర్ రూమ్‌లో ఉంటాను, ఎత్తలేను.