రిజిస్టర్లో రాయించిన అబద్ధం

పెద్దదానికీ, చిన్నదానికీ అమ్మమ్మ దీవెనలు.

ఒకతి మెడిసిన్‌లో చేరింది, ఇంకొకతి తొమ్మిదో తరగతికి వచ్చింది. ఇక ఈ సంగతి మీకు చెప్పొచ్చు.

నాకు నలభై ఆరేళ్లప్పుడు ఒక ఊళ్లో బడి గదిలో క్యాంపు పెట్టాం. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ సూచనలున్నాయేమో చూడటానికి. పనేమీ పెద్దది కాదు. లోపలి భాగం కనిపించేలా తెరిచి పట్టే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, దూదితో పలచటి అసిటిక్ యాసిడ్ అద్ది, ఒక నిమిషం ఆగాలి. గులాబీ రంగు పొర మీద పెరుగు చుక్క పడ్డట్టు తెల్లగా ఏదైనా తేలితే అనుమానించాలి. పొద్దుటి నుంచి ముప్పై మందిని చూశాను. భోజనాలయ్యాక, స్టాఫ్ పేర్లు కూడా ఎక్కిద్దామని సిస్టర్ రిజిస్టర్ ముందేసుకుని, "మేడమ్, మీరు ఆఖరుసారి ఎప్పుడు చేయించుకున్నారు?" అంది.

"రెండేళ్లయింది" అన్నాను. రాసేసుకుంది.

అప్పటికి ఒక్కసారి కూడా చేయించుకోలేదు నేను.

దీపం కింద చీకటి అంటారే, అదే. తెలియక కాదు. తీరిక లేదని ఒక సాకు. ఏ బాధా లేదు కదా అని ఇంకొకటి. బాధ లేనప్పుడే ఈ పరీక్ష చేయించుకోవాలని రోజూ పదిమందికి చెప్పే నోటితోనే! అసలు కారణం సిగ్గు. ఊళ్లో ఉన్న గైనకాలజిస్టులంతా నా క్లాస్‌మేట్లో, నా దగ్గర చదువుకున్నవాళ్లో. స్లైడు చూసే పెథాలజిస్టు మా పక్కింటాయన.

ఆ అబద్ధం నాలుగు నెలలు గుచ్చుకుంది. చివరికి బస్సెక్కి వేరే ఊరు వెళ్లి, డాక్టర్నని చెప్పకుండా పాప్ స్మియర్ చేయించుకున్నాను. ముఖద్వారం నుంచి కణాలు తీసి, స్లైడు మీద పూసి చూసే పరీక్ష అది. పరీక్ష గది పైకప్పును నేను పడుకుని చూడటం అదే మొదటిసారి. ఫ్యాను రెక్కల అంచున బూజు. స్పెక్యులమ్ మంచుముక్కలా తగిలింది. ఇన్నేళ్లూ "కాస్త వదులుగా ఉండమ్మా" అని విసుక్కున్నది ఎవరినో తలుచుకుంటే ముఖం చెల్లలేదు. రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. మర్నాటి నుంచి నా టేబుల్ పక్కన గోరువెచ్చటి నీళ్ల గిన్నె ఉండాల్సిందేనన్నాను.

ఆ పాప్ పరీక్ష కనిపెట్టిన పాపనికొలావ్ గ్రీసు నుంచి న్యూయార్క్ వెళ్లినవాడు. ఆయన పరిశోధనకు ఏళ్ల తరబడి నమూనాలిచ్చింది ఆయన భార్య మేరీ. 1928లో ఆయన చెప్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1943లో పుస్తకం వచ్చాకే లోకం కదిలింది. ఆవిడ డాక్టరు కాదు, అయినా టేబుల్ ఎక్కింది. నేను ఎక్కలేదు.

ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. శారీరక సంబంధం ద్వారా వస్తుంది, చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే. అందులో ప్రవర్తనకు మచ్చేమీ లేదు. ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో తిష్ఠ వేసి, క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదిహేను ఇరవై ఏళ్లు తీసుకుంటుంది. ఇంత గడువు ఇచ్చే జబ్బు అరుదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 1.9 శాతమే. పల్లెటూరి వాళ్లకు తెలియదని మనం అనేస్తాం గానీ, తెలిసిన నేనేం చేశాను?

చిన్నదానా, నీకు టీకా. 2023లో మన దేశంలో తయారైన సెర్వావాక్ వచ్చింది. నీ వయసుకి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. పెద్దదానికి పదిహేను దాటాయి కాబట్టి మూడు. టీకా వేయించుకున్నాం కదా అని ముప్పై దాటాక పరీక్ష మానకూడదు. అన్ని రకాల హెచ్‌పీవీనీ అది ఆపదు.

ఇక మీ అమ్మ. రోజూ నలుగురికి మత్తు ఇచ్చే డాక్టరు, నలభై నాలుగేళ్లు. ఈ ఉత్తరం చూపించి, ఆఖరుసారి ఎప్పుడు చేయించుకుందో అడగండి. "ఈ మధ్యే" అంటుంది. తేదీ అడగండి.

మీ అమ్మమ్మ