ఓర్పు పాఠం కంటే ముందు, ఒకే బంతి భోజనం

చెన్నైలో ఎల్‌కేజీ అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, బడుల కరపత్రాల్లో 'విలువల విద్య' కనిపిస్తుంది. మూడేళ్ల పిల్లలకు ఓర్పు, తోటివాళ్ల పట్ల గౌరవం నేర్పిస్తామంటారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో కేంద్రం తెచ్చిన పాఠ్య ప్రణాళికలోనూ ఈ మాటలున్నాయి. ఈ ఊళ్లో మాత్రం అసలు గొడవ ఎప్పుడూ ఒక్కటే: ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి?

పంచములని పక్కన పెట్టిన కులాల పిల్లలకు ఒకప్పుడు చాలా బడుల్లో చోటే లేదు. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) అధ్యక్షుడు ఆల్కాట్ 1894లో ఇక్కడి అడయారులో వాళ్ల కోసం ఉచిత బడి తెరిచారు. గొప్ప పనే, కానీ వేరు బడి వేరు బడే. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి (మన తెలుగాయనే) థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టించారు. తలకు రోజుకు అణా దాటకూడదని షరతు. పిల్లలు బడికి రావాలన్నదే అప్పటి ఆలోచన.

కలిసి తినడం ఎంత పెద్ద రగడో కొన్నేళ్లకే తెలిసొచ్చింది. కాంగ్రెస్ డబ్బు అందుకున్న, తిరునెల్వేలి దగ్గరి చేరన్మాదేవి గురుకులంలో బ్రాహ్మణ పిల్లలకు విడిగా వడ్డిస్తున్నారని బయటపడింది. కులవివక్షపై పోరాడిన పెరియార్ కాంగ్రెస్‌కు దూరం కావడానికి అదీ ఒక కారణం.

1939 నవంబరులో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి అడయారు వచ్చారు. మరుసటి ఏడు ఇటలీ బ్రిటన్ మీద యుద్ధంలోకి దిగడంతో ఆమె శత్రుదేశస్థురాలైపోయారు, కొడుకు మారియోను కొన్నాళ్లు నిర్బంధించారు. అయినా ఆమె వందల మంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఒక చిన్న ఏర్పాటు. తరగతిలో ప్రతి వస్తువూ ఒక్కటే ఉంటుంది. పది గులాబీరంగు చెక్క దిమ్మెలను గోపురంలా పేర్చే ఆట ఒక పాప తీసుకుందంటే, రెండోవాడు ఆగాల్సిందే. లాక్కోకూడదు, కావాలంటే పక్కన కూర్చుని చూడొచ్చు. ఆ పాప ఆడుకుని అన్నీ తిరిగి అలమరలో పెట్టాకే వాడి వంతు. టీచరమ్మ ఓర్పు గురించి ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ పేరు బోర్డు మీద రాసుకున్న బడుల్లో చాలావాటిలో ఫీజే పిల్లల్ని వడగట్టేస్తోంది. ఇక అక్కడ ఎవరిని చూసి ఎవరు ఓర్చుకోవాలి?

1975లో అంగన్‌వాడీలు, 1982లో అప్పటి ముఖ్యమంత్రి ఎంజీఆర్ పెట్టిన పౌష్టికాహార (మధ్యాహ్న భోజన) పథకం వచ్చాయి. దాంతో బాలవాడి పిల్లలూ బంతిలో కూర్చున్నారు. అలాగని గొడవ తీరిపోలేదు. 2018లో తిరుప్పూరు జిల్లాలో ఒక బడిలో దళిత మహిళ వంట చేస్తే కొందరు అడ్డుపడ్డారు. అడ్డుపడింది పిల్లలు కాదు, వాళ్ల అమ్మానాన్నలు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో, అంటే ఇక్కడ ఎల్‌కేజీలో, 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన పిల్లలకు ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2012లో దీన్ని సమర్థించింది. 2014లో మాత్రం మైనారిటీ బడులకు ఈ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. ఇక్కడ మైనారిటీ అంటే మతం ఒక్కటే కాదు, భాష కూడా. తమిళనాట తెలుగు మైనారిటీ హోదా ఉన్న బడులూ ఆ మినహాయింపులోకే వస్తాయి. తెలుగు చదువు తగ్గిపోతోందని సభలు పెట్టే మనవాళ్లు ఈ పాతిక శాతం సంగతి ఎత్తగా నేనైతే వినలేదు.